మనిషెలుగు వెంట్రుకలు

మేడిపల్లి దాటి లోపలికి పోతే మక్కచేన్ల నడుమ ఒక రాతిగుట్ట వస్తుంది. పేరు ఎలుగుగుండు. చీకటిపడ్డాక ఆ బాటన ఎవరూ ఒంటరిగా పోరు. తప్పనిసరై పోవలసినవాళ్ళు బండి హారను మీది నుంచి వేలు తీయరు. హారను పాడైన బండివాళ్ళు గట్టిగా పాటలు పాడతారు. పాటకు గొంతు లేవనివాళ్ళు... మర్నాడు పోతారు.

ఈ కథను ఎవరో చెప్పగా విన్నానని మొదలుపెట్టగలిగితే ఎంత బాగుండేది! దయ్యం కథలు చెప్పేవాళ్ళకు ఆ సౌకర్యం ఉంటుంది — భయపడ్డవాడు ఎప్పుడూ ఇంకొకడే. నాకు ఆ సౌకర్యం లేదు. ఉన్నది ఉన్నట్టు చెబుతానని ఒక మనిషికి మాట ఇచ్చాను.

ఆ గుట్టలో ఒకప్పుడు ఎలుగుబంట్లు ఉండేవన్నది నిజం. ఇప్పుడున్నది మాత్రం ఎలుగుబంటి కాదని, మనిషెలుగు అని ఊళ్ళో మాట. నిలబడితే మనిషి, వంగితే ఎలుగు. రెండేళ్ళుగా అది రాత్రిపూట పిలుస్తున్నదట. మొదట "ఎవలదీ?" అని అడుగుతుంది. కాసేపాగి "కదలకు" అంటుంది. అంతే — మూడో పిలుపు ఉండదు.

రాత్రిపూట ఎవరైనా పిలిస్తే మూడోసారికి గానీ పలకకూడదని మన పెద్దలు ఊరికే చెప్పలేదు. మనిషెలుగుకు పలికినవాడి గతి ఇది: వాడి గొంతు అది తీసుకుంటుంది... దాని బొచ్చు వాడికి ఇస్తుంది.

నేను పోగుచేసిన సాక్ష్యాలు పదకొండు. వాటిలో ఒకటి నన్ను చాలా రోజులు నిద్రపోనివ్వలేదు. పాలు పోసే ముసలాయన ఒకరు అటూ ఇటూ చూసి, నా చెవి దగ్గరికి వచ్చి చెప్పాడు.

"గొంతు మనూరోనిదే సారూ. గని గా మనిషి ఊర్ల లేడు... దేశంలనే లేడు."

ఎవరి గొంతు అని నేను అడగలేదు. ఆ క్షణంలో నా ఒళ్ళు జలదరించింది. ఆ జలదరింపు చెడిపోతుందని అడగలేదు. పరిశోధకుడిగా నా లోపాల్లో ఇది మొదటిది. చివరిది కాదు.

నేను సిరిసిల్ల నేతవాళ్ళ ఇంట పుట్టినవాణ్ణి. తమ్ముడు గణేశ్ ఇప్పటికీ అక్కడ మరమగ్గాలు నడుపుతున్నాడు. నేను కోరుట్లలో కాపురం ఉంటూ, రోజూ బస్సులో జగిత్యాల పోయి కాలేజీలో తెలుగు పాఠం చెబుతాను. ఆదివారం ఒక పత్రికలో వ్యాసం రాస్తాను. యాభై రెండేళ్ళు. ఈ వయసులో మనిషి సాధారణంగా దేవుణ్ణి వెతుక్కుంటాడు, లేకపోతే ఇంటిస్థలం వెతుక్కుంటాడు. నేను మనిషెలుగును వెతికాను.

జంతుశాస్త్రం చెప్పే మిత్రుడి దగ్గర, కదలిక కనబడితే తనంతట తానే ఫోటో తీసే కెమెరా అరువు తెచ్చి గుట్ట కింద కట్టాను. మూడు రాత్రుల్లో దానికి చిక్కినవి ఇవి: రెండు కుక్కలు, ఒక అడవిపంది వెనుక భాగం, కెమెరా సరిగ్గా ఉన్నదో లేదో చూడడానికి వచ్చిన నేను.

నాలుగోనాడు పగటిపూట, గుట్ట కింది చేనుగట్టున, గడ్డి మీద దొరికాయి... వెంట్రుకలు.

పిడికెడు. మెత్తగా. ఒక్కొక్కటి వేలెడు కూడా లేదు. కుక్కవి కావు, పందివి కావు, మేకవి అసలే కావు. ఇంటికి తెచ్చి భూతద్దం కింద పెట్టి చూశాను. వాటిలో కొన్నింటికి ఒక విచిత్ర లక్షణం ఉంది — మొదట తెలుపు, కొసకు నలుపు. వాటిని ఏరి ఒక డబ్బాలో పెట్టి, మూత మీద "మనిషెలుగు" అని రాసి, పుస్తకాల అలమరలో దాచాను.

"ఎవలన్న ఇంట్ల బంగారం దాస్తరు," అన్నది మా ఆవిడ అనురాధ. "గీ వెంట్రుకల డబ్బేందో... చుట్టాలకు ఏమని చెప్పాలె?"

ఆదివారం నా వ్యాసం వచ్చింది. అందులో రెండో పేరాలో గొంతు సంగతి, బొచ్చు సంగతి. చివరి పేరాలో నాకు ఎంతో ఇష్టమైన వాక్యం: "మొదట తెలుపై కొసకు నలుపెక్కుతున్న ఈ వెంట్రుకను చూడండి — పుట్టుకతోనే వృద్ధాప్యం, కొసకు యవ్వనం. ఇది ఏ శాస్త్రానికీ అందని జీవి."

ఈ వాక్యం రాసినప్పుడు నా కళ్ళు చెమర్చాయని కూడా ఒప్పుకుంటాను.

పది రోజుల తరువాత ఇద్దరు స్త్రీలు మా గడపలోకి వచ్చారు. ఒకామెకు ముప్పై అయిదుంటాయి, రెండో ఆమె డెబ్బై దాటిన మనిషి. అత్తాకోడళ్ళు. పాఠకులేమోనని మురిసిపోయి కుర్చీలు వేశాను.

"మనిషెలుగు గురించి పేపర్ల రాసింది మీరేనా సారూ?" అన్నది కోడలు శాంత.

"నేనేనమ్మా."

"ఎలుగుగుండు కింది చేను మాదే. ఎకరంనర మక్క ఏసినం. కంకి ఎండి పది దినాలాయె. ఇరువనీకి ఒక్క ఆడమనిషి అస్తలేదు."

టీ తెమ్మని అనురాధకు చెప్పబోతున్నవాణ్ణి ఆగిపోయాను.

"గుండ్ల నడుమకు మిషను రాదు. మనుషులే ఇరువాలె. రాత్రి పందులు వడి సగం పండవెడుతున్నయి. మొగులు జూస్తే గిట్లున్నది. వాన కొట్టిందంటె కంకి మీదనే మొలకలస్తయి సారూ. ఆరు నెలల కష్టం. ఏం లేదక్కా, రాండ్రి అని కాల్లు మొక్కిన. పేపర్ల అచ్చింది అబద్ధమైతదా అంటున్నరు."

అత్త ఇంద్రమ్మ అప్పటిదాకా నా పుస్తకాల అలమరను చూస్తున్నది. మెల్లగా నా వైపు తిరిగింది.

"నువ్వు సూసినవా కొడుకా, దాన్ని?"

"చూడలేదు పెద్దమ్మా. ఆధారాలున్నాయి."

"సూడకుంటనే గంత రాస్తివి. సూస్తే ఇంకెంత రాస్తుంటివో!"

వంటింట్లో అనురాధ దగ్గింది. అది దగ్గు కాదని ముప్పై ఏళ్ళ కాపురం నాకు చెప్పింది.

"ఒక్క రాత్రి మా మంచె మీద ఉండుండ్రి," అన్నది శాంత. "ఏం కనవడితే గదే చెప్పుండ్రి. పొద్దుగాల కూలోల్ల పెద్ద రాణక్కను, ఆమె జట్టును బతిలాడి తోలుకస్త. మీరే మీ నోటితోని చెప్తే ఇంటరు. ఇంకెవ్వలు చెప్పినా ఇనరు."

నా నోటి మీద ఒక ఎకరంనర పంట ఆధారపడి ఉన్నదని తెలిసినప్పుడు నాకు కలిగింది పశ్చాత్తాపం అయి ఉండవలసింది. గర్వం కలిగింది.

"వస్తాను. ఉన్నది ఉన్నట్టు చెబుతాను. కానీ ఒక షరతు. రోజూ రాత్రి చేనులో ఏమేం చేస్తారో అవే చేయాలి. నా కోసం ఏదీ మార్చకూడదు."

"అది గాదు సారూ, రాత్రిపూట మేము..." అని శాంత ఏదో చెప్పబోయింది. చెయ్యెత్తి ఆపాను.

"ముందే ఏమీ చెప్పవద్దు. పరిశీలించేవాడి మనసు తెల్లకాగితంలా ఉండాలి."

ఇంద్రమ్మ, టీ కప్పులతో వచ్చిన అనురాధ ముఖంలోకి జాలిగా చూసింది.

"ఎప్పటిసంది గిట్ల, బిడ్డా?"

"పెండ్లయినకాంచి గిట్లనే పెద్దమ్మా."

మర్నాటి సాయంత్రం వెళ్ళాను. ఉన్ని మఫ్లరు, టార్చిలైటు, ఫ్లాస్కు నిండా టీ, నోటుబుక్కు... సంచిలో వెంట్రుకల డబ్బా. అది ఎందుకంటే — దొరికితే పోల్చి చూడడానికి.

చేను చుట్టూ గుంజలు పాతి పాతచీరలు కట్టారు. పందులు లోపలికి దూరకుండా మా వైపు చాలామంది రైతులు కట్టేవే. ఎరుపు, ఆకుపచ్చ, పసుపు... వాటిలో కొన్ని మా తమ్ముడి మగ్గాల మీద నేసినవే కావచ్చు. పగటివేళ అవి నాకు చీరల్లాగే కనిపించాయి. ఈ మాట గుర్తుంచుకోవలసిందిగా మనవి.

అత్తాకోడళ్ళు చేను అవతలి కొనలో మోటరు కొట్టంలోకి వెళ్ళిపోయారు. మంచె మీద నేనొక్కణ్ణి.

నోటుబుక్కులో ఆ రాత్రి రాసుకున్నది ఇప్పటికీ ఉంది. తొమ్మిది పది — గాలి. తొమ్మిది నలభై — గాలి. పది పావు — దోమలు. పదకొండు — ఏమీ లేదు. అయినా ఏదో ఉంది.

ఆ తరువాత రాత లేదు.

ఎండిన మక్క ఆకు చప్పుడు ఎవరైనా విన్నారో లేదో నాకు తెలియదు. గాలి ఆగిపోయాక కూడా అది ఆగదు. ఎవరో వరుస వెంట వరుస వెతుక్కుంటూ వస్తున్నట్టు... ఇటు... ఇంకొంచెం ఇటు... సరిగ్గా మంచె కిందికి వచ్చి — ఆగింది.

చీరలన్నీ ఒక్కసారి లోపలికి ఊపిరి పీల్చుకున్నట్టు వంగాయి.

అప్పుడు... నా తలకు పైన కాదు, కింద కాదు, చీకటిలో ఎక్కడి నుంచో —

"హోయ్...! ఎవలదీ...?"

మగ గొంతు. మనిషిదే. కానీ దాని చుట్టూ ఏదో గరగర... ఇనుప గొట్టంలోంచి వచ్చినట్టు, చాలా దూరం నుంచి ప్రయాణం చేసి వచ్చినట్టు.

మూడోసారికి గానీ పలకకూడదన్న నియమాన్ని నేను అచ్చులో వేసినవాణ్ణి. దాని మీద అరపేజీ వ్యాఖ్యానం రాసినవాణ్ణి. ఆ నేను —

"నేనే! శ్యాంసుందర్‌ను! జగిత్యాల కాలేజీ... తెలుగు లెక్చరర్‌ను!" అని అరిచాను.

కాసేపటికి —

"కదలకు...! సూస్తనే ఉన్న...!"

"కదలనండీ!"

ఆ "అండీ" ఎందుకన్నానో నాకు ఇప్పటికీ తెలియదు.

మూడో పిలుపు రాలేదు. దాని కోసం చెవులు నిక్కబొడుచుకుని ఎదురుచూశాను. రాకూడదని కాదు... రావాలని. మూడోసారి పిలిస్తే అది మనిషే కదా! రాలేదు. రెండింటికీ పలికేశాను. అప్పుడు నా వ్యాసంలో రెండో పేరా అక్షరాలా గుర్తుకు వచ్చింది.

"శాంతా! ఇంద్రమ్మా! ఓ ఇంద్రమ్మా!"

ఎంతసేపు అరిచానో తెలియదు. పాఠం చెప్పి చెప్పి అరిగిన గొంతు. మంచు పడుతున్నది. అరుపు కాస్తా కేక అయింది, కేక కీచు అయింది, కీచు... ఏమీ కాకుండా పోయింది. నోరు తెరిస్తే గాలి తప్ప రావడం లేదు.

సరిగ్గా అప్పుడు మళ్ళీ —

"హోయ్...! ఎవలదీ...?"

ఈసారి పలకలేదు. పలకడానికి ఏమీ మిగలలేదు. మంచెకు నిచ్చెన ఉన్నదన్న సంగతి మరచి దూకాను. గట్టు మీద బోర్లా పడ్డాను. దొర్లాను. తడిగడ్డి. ఏదో మెత్తని చెయ్యి నా నడుమును చుట్టింది... ఇంకొకటి కాళ్ళను... విడిపించుకోబోతే మెడను. నేతవాడి కొడుకును. చీరకు కొంగెక్కడో, అంచెక్కడో కళ్ళు మూసుకుని చెప్పగలను. కానీ ఆ రాత్రి అది చీర అని చెప్పేవాళ్ళు లేకపోయారు.

చెమట తుడుచుకుందామని చెంప మీద చెయ్యి పెట్టాను.

వెంట్రుకలు.

రెండో చెంప. వెంట్రుకలు. నుదురు, మెడ, మణికట్లు... ఒకటీ రెండూ కాదు. పొట్టివి, మెత్తనివి, గుత్తులు గుత్తులు. నాకు మీసం తప్ప గడ్డం లేదు. పొద్దున గీసుకుని వచ్చాను.

గొంతు పోయింది. బొచ్చు వచ్చింది.

నేను రాసిన మాట పొల్లు పోకుండా నా ఒంటి మీదే జరుగుతున్నప్పుడు, రచయితగా నాకు కాస్తయినా తృప్తి కలగవలసింది. కలగలేదు. మక్కమొక్కల మధ్యకు పాక్కుంటూ పోయి, మోకాళ్ళు కడుపులోకి ముడుచుకుని, తెల్లవారేదాకా దేవుళ్ళ పేర్లు తలచుకున్నాను — లోపల్లోపల. పైకి పేర్లు కూడా రావడం లేదు.

తెల్లవారింది. ఆటో చప్పుడు. ఆడవాళ్ళ మాటలు. శాంత గొంతు: "సారు ఈడనే ఉన్నడు రాణక్కా, ఆయన్నే అడుగు."

నేను చెప్పవలసింది ఒక్క వాక్యం. ఇక్కడ ఏమీ లేదు, రండి. రాత్రి ఏం జరిగినా సరే, ఆ వాక్యం చెప్పి తీరాలని మక్కవరసల్లోంచి లేచి బయటికి వచ్చాను.

బాట మీద పన్నెండు మంది నిలబడి ఉన్నారు. భుజాలకు సద్ది సంచులు. ముందు రాణి, నడుముకు కొంగు బిగించి. నన్ను చూసి ఒక్కసారిగా మాటలు ఆగిపోయాయి.

నోరు తెరిచాను.

"హ్... హ్..."

"అవ్వో!" అన్నది రాణి, ఒక అడుగు వెనక్కి వేసి. "సారు గొంతు గుంజుకున్నదే!"

"ముఖం జూడక్కా... ముఖం...!"

చేతులు ఊపుతూ దగ్గరికి పోబోయాను. నడుముకు చుట్టుకున్న చీర వెనకాల ఈడ్చుకుంటూ వచ్చింది. అంతే. పన్నెండు మందీ ఆటో వైపు ఒకటే పరుగు. డ్రైవరు అప్పటికే స్టార్టు చేశాడు.

శాంత ముఖం చూశాను. తరువాత ఆమె చూస్తున్న వైపు చూశాను. గుట్ట వెనక మబ్బు నల్లగా లేస్తున్నది. ఆరు నెలల పంటను ఒక వాక్యంతో ఆపినవాణ్ణి నేను. దాన్ని కదిలించడానికి ఇప్పుడు నా దగ్గర ఒక్క అక్షరం లేదు.

"రాణక్కా, ఆగు!" శాంత ఉరికి ఆటోకు అడ్డంగా నిలబడింది. "ఒక్క ముచ్చట ఇని పోండ్రి. తప్పు నాది."

కొట్టం పక్క వేపచెట్టు కొమ్మకు కట్టిన ఒక మైకును విప్పి తెచ్చింది. ఊళ్ళలో కూరగాయలు అమ్మేవాళ్ళు పట్టుకుని తిరిగే చిన్న బ్యాటరీ మైకు. మీట నొక్కింది.

"హోయ్...! ఎవలదీ...?"

పట్టపగలు ఆ గొంతు ఎంత చిన్నగా ఉందో!

రాణి ఆటోలోంచి తల బయటపెట్టింది. "గిది... మీ చంద్రన్న గొంతు గాదే?"

"అవు. మా ఇంటాయనదే. మస్కట్ల కెల్లి వాట్సాప్‌ల పంపిండు. నేను ఒర్రితె పందులు ఇంతంత గూడ జరుగకపోతుండె. మొగోని గొంతుకు భయపడ్తయని ఆయన మాట దీంట్ల నింపిన. పందులు దిగే యాల్లకు, పదకొండు దాటినంక మీట నొక్కుత, పావుగంటకోపాలి అదే మొత్తుకుంటది. రెండే మాటలు."

"మరి మునుపే చెప్పక ఏం జేసినవే?"

శాంత తల వంచుకుంది. "మోటరు వైర్లు కోసుకపోయేటోల్లు రెండుపాల్లు కోసిండ్రు. ఎలుగు పిలుస్తదని పేరు వడ్డంక అటు దిక్కు రాలె. భయం ఉండనీ అనుకున్న అక్కా. అది మీ దాక వస్తదనుకోలె."

 ఆటో ఇంజను ఆగింది.

"నిన్న చెప్దామంటె సారు చెయ్యి అడ్డం వెట్టిండు," అన్నది శాంత. "రాత్రి ఆయన ఒర్రుడు మాకు ఇనవడ్డది. పందులను ఎల్లగొడుతున్నడనుకున్నం. మస్తు ఒర్రిండు. ఒక్క పంది రాలె."

కానీ రాణి ఊరికే పెద్ద కాలేదు. ఆటో దిగి, నాకు బారెడు దూరంలో ఆగి, నన్ను పైనుంచి కిందికి చూసింది.

"గొంతు చంద్రన్నదే. ఒప్పుకున్న. మరి గీ బొచ్చెక్కడిది?"

అప్పటికి ఇంద్రమ్మ కొట్టం నుంచి వచ్చేసింది. సీసాలోని నీళ్ళతో కొంగు తడుపుకుంది. నా గడ్డం పట్టుకుని, చిన్నపిల్లవాడికి తుడిచినట్టు ముఖమంతా గట్టిగా తుడిచింది. తరువాత కొట్టంలోకి పోయి ఒక యూరియా సంచి ఈడ్చుకుని వచ్చి, మూతి విప్పింది.

సంచి నిండా వెంట్రుకలు. నల్లవి, తెల్లవి, గోరింటాకు పెట్టిన ఎర్రవి.

"గట్ల మీద సల్లితె పంది వాసన సూడంగనే వెంట్రుకలు ముక్కులకు వోతయి, అది మల్ల రాదు. మేడిపల్లి కటింగు దుకాండ్లల్లయి ముందుగాలనే ఎవలెవలో చెప్పి వెట్టుకున్నరు. గందుకే కోరుట్లకు వోయి, సాగర్ దుకాండ్ల కెల్లి తెచ్చిన."

సాగర్.

కోరుట్లలో పదకొండేళ్ళుగా నాకు జుట్టు కత్తిరించేది సాగరే. నెలకొకసారి, ఆదివారం. కత్తిరించాక రంగు వేస్తాడు. మళ్ళీ నెల తిరిగి వచ్చేసరికి రంగు పైకి పోయి మొదళ్ళు తెల్లబడి ఉంటాయి. అప్పుడు మళ్ళీ మొదళ్ళ దాకా కత్తిరిస్తాడు...

నా చెయ్యి నాకు తెలియకుండానే, భుజాన వేలాడుతున్న నా సంచిలోని డబ్బాను అదిమి పట్టుకుంది. రాణి కళ్ళు చురుకైనవి.

"గా డబ్బల ఏంది సారూ?"

లాక్కుని మూత తీసింది. మూత మీది పేరు కూడబలుక్కుని చదివింది. లోపలి నుంచి ఒక వెంట్రుక తీసి ఎండకు ఎత్తి పట్టింది. మొదట తెలుపు. కొసకు నలుపు. దాన్ని చూసింది. మఫ్లరు ఎక్కడో పడిపోయిన నా తలను చూసింది. మళ్ళీ దాన్ని చూసింది.

"ఓ ఇంద్రవ్వా... జర సారు నెత్తి జూడు."

ఇంద్రమ్మ నా చెవి పక్కన ఒక వెంట్రుకను పట్టుకుని చటుక్కున పీకింది. అరిచాను, చప్పుడు రాలేదు. రెండింటినీ అరచేతిలో పక్కపక్కన పెట్టింది. పన్నెండు మందీ ఒక్కొక్కరే దగ్గరికి వచ్చి వంగి చూశారు. నేనూ చూశాను.

పుట్టుకతోనే వృద్ధాప్యం, కొసకు యవ్వనం. ఏ శాస్త్రానికీ అందని జీవి.

మొదట ఎవరు నవ్వారో చెప్పలేను. రాణి గట్టు మీద కూలబడి, కడుపు పట్టుకుని నవ్వింది. "అయ్యో దేవుడా! పదిరోజులు ఈ సారుకు భయపడి ఇంట్ల పండుకున్నమా!" అన్నది కళ్ళు తుడుచుకుంటూ. ఆటో డ్రైవరు కూడా దిగి వచ్చి చూసిపోయాడు. నాకూ నవ్వు వచ్చింది గానీ, అదీ గాలిగానే వచ్చింది. దాన్ని చూసి వాళ్ళు మళ్ళీ నవ్వారు.

రాణి లేచి తలకు రుమాలు చుట్టుకుంది. "లేవుండ్రే, మొగులు జూస్తలేరా! ఇగ ఇరువుండ్రి."

పన్నెండు మందీ వరసల్లోకి దిగారు. కంకి విరిచిన చప్పుడు... టప్... టప్... రాత్రి నన్ను వెతుక్కుంటూ వచ్చిన ఆ ఆకుల మధ్యనే. మాట్లాడలేనివాడు మోయగలడు కదా అని రాణి నా నెత్తిన ఒక గంప పెట్టింది. పొద్దు గూకేదాకా మోశాను. చివరి గంప కొట్టం కిందికి చేరాక వాన మొదలైంది.

ఆటో ఎక్కబోతుంటే ఇంద్రమ్మ వచ్చింది. గొంతు తగ్గించి అడిగింది.

"కొడుకా, యాసంగికి పల్లి ఏస్తున్నం. ఉత్తరం గట్టుకు వెంట్రుకలు సాలుతలెవ్వు. ఈ నెల కటింగు జర జల్ది చేయించుకుంటవా?"

నేను పలకలేదు.

"చేయించుకుంటవా కొడుకా?"

పలకలేదు.

"నిన్నే అడిగేది... చేయించుకుంటవా?"

మూడోసారికి పలకవచ్చునని పెద్దల మాట. తల ఊపాను.